శిఖర లీగ్‌లో ఒక్క కూత

సోపాన లీగ్ ఫైనల్లో సారివలస గెలిచింది. ఆ ఏడాది ఆ జట్టు చేసిన పొరపాటు అదొక్కటే.

ఆఖరి కూతకు కెప్టెన్ బోనెల పైడిరాజు వెళ్ళాడు. ఎదుట ముగ్గురున్నారు. ఒకడి భుజం తట్టి, ఇంకొకడి మోకాలు తాకి, నడుం పట్టుకున్న మూడోవాణ్ణి బస్తాలా ఈడ్చుకుంటూ మధ్యగీత దాటాడు. పైడిరాజు జూట్ మిల్లులో లోడింగు పని చేస్తాడు. బస్తాలు ఈడ్వడం అతనికి కొత్త కాదు.

స్టాండులో మిల్లు కార్మికులు డప్పులు అందుకున్నారు. క్లబ్బు ప్రెసిడెంటు మజ్జి అసిరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ మొగుడు పెట్టిన క్లబ్బు అది. ఆయన పోయాక మిల్లు గేటు ఎదుట ఇడ్లీ హోటలూ, ఈ జట్టూ రెండూ ఆవిడ చేతికి వచ్చాయి. జట్టంతా ఆవిణ్ణి అప్ప, అంటే అక్క, అని పిలుస్తారు.

"ఎల్లిపోనాం పైకి," అంది అసిరమ్మ. "ఇరవయ్యేళ్ళకి ఎల్లిపోనాంరా."

ఆ మాటకు ఆధారం ఉంది. కబడ్డీ మహామండలిలో మొదటినుంచీ ఒకటే నియమం. కింది మెట్టయిన సోపాన లీగ్‌లో మొదట వచ్చినవాడు పై మెట్టయిన శిఖర లీగ్‌కు ఎక్కుతాడు. శిఖరంలో ఆఖరున వచ్చినవాడు సోపానానికి దిగుతాడు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే నియమం కావడంతో మహామండలికి దానిమీద మొదటినుంచీ అనుమానంగానే ఉండేది.

ఆ ఏడాది శిఖరంలో ఆఖరున వచ్చిన జట్టు మెట్రో మహారాజాస్. దాని యజమాని మహామండలి ఛైర్మన్ గారి వియ్యంకుడు. ఈ రెండు విషయాలకూ, నియమం మారడానికీ ఏ సంబంధమూ లేదని మహామండలి ప్రకటన ఇచ్చింది. అప్పటికి ఎవరూ అడగలేదు.

వేదిక మీద కప్పు ఇవ్వడానికి కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పేరు కొవ్వలి హిమాంశు. హోదా గ్రేడింగ్ డైరెక్టర్. కప్పు పైడిరాజు చేతికిచ్చాడు గానీ తన చెయ్యి తీయలేదు.

"గెలిచినందుకు అభినందనలు. పైకి వెళ్ళడం అనేది ఇకపై ప్రత్యేక అంశం."

"అదేటి బాబూ," అంది అసిరమ్మ. "మొదటొచ్చినోడు ఎక్కుతాడు గదా."

"అది పాత ఆలోచన మేడమ్. మొదట రావడం మైదానంలో జరిగే ఒక తాత్కాలిక సంఘటన. క్లబ్ ఒక శాశ్వత సంస్థ. తాత్కాలిక సంఘటనకు శాశ్వత సంస్థ భవిష్యత్తును ముడిపెట్టడం అశాస్త్రీయమని మా అధ్యయన బృందం విదేశాలు తిరిగి తేల్చింది."

"అక్కడ కబడ్డీ ఆడతారేటి?"

"ఆడరు. అందుకే నిష్పక్షపాతంగా అధ్యయనం చేయగలిగాం. అక్కడ ఒక బంతి ఆటలో గెలుపోటములతో పని లేకుండా క్లబ్బులకే గ్రేడ్లు ఇస్తారు. మనకు బంతి అవసరం లేదు కాబట్టి అది తీసేసి మిగతాదంతా తెచ్చాం."

పైడిరాజు కప్పు వదిలేశాడు. అది హిమాంశు చేతిలోనే ఉండిపోయింది.

"అయితే శిఖరంలో మేమెప్పుడు ఆడతాం?"

"మీ క్లబ్బుకు ‘ఏ’ గ్రేడు వచ్చిన రోజు."

పైడిరాజు లెక్క అతనొక్కడికే కాదు, జట్టంతటికీ తెలుసు. శిఖర లీగ్‌లో ముప్పై ఐదు నిండినవాడు ఆడకూడదు. వచ్చే సీజన్ ముగిసిన వారానికి పైడిరాజుకు ముప్పై ఐదు నిండుతాయి. పదిహేనో ఏట నుంచీ అతను కోరుకున్నది ఒకటే. శిఖర లీగ్ కోర్టు మీద, రిఫరీ చూస్తుండగా ఒక్క కూత. పతకం వద్దు, ఫోటో వద్దు. ఒక్క కూత.

చేతిలో ఉన్నది ఒక్క సీజన్.

*

తనిఖీకి హిమాంశు ఏసీ కారులో సారివలస వచ్చాడు. మిల్లు వెనక కోర్టు దగ్గర దిగి, బూటుకు అంటిన మట్టిని చాలాసేపు చూశాడు.

"ఇక్కడ మట్టి ఉంది," అన్నాడు.

"ఉంటాది బాబూ. కిందంతా అదే," అంది అసిరమ్మ.

అతను చేతిలోని పలక లాంటి యంత్రం మీద వేలితో ఏదో నొక్కాడు. తర్వాత స్టాండు చూశాడు. మిల్లువాళ్ళు పారేసిన చెక్కలతో కట్టిన మెట్లు అవి.

"వీఐపీ లాంజ్ ఎక్కడ?"

"అదేటి?"

"ప్రముఖులు ఆట చూడకుండా కూర్చునే గది."

"సూడకుండా కూకోడానికి గ్రౌండుకి రావడమేల? ఆళ్ళింటికాడ కూకోవచ్చు గదా."

హిమాంశు మళ్ళీ నొక్కాడు. అతను నొక్కినప్పుడల్లా సారివలసకు మార్కులు తగ్గుతున్నాయని అప్పటికి అందరికీ అర్థమైంది. కార్నర్లో పట్టుకు దిట్టయిన చిన్నంనాయుడు ఆ యంత్రాన్ని మెరుపుకూతకు వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

"మస్కట్ ఉందా? అంటే బొమ్మ వేషం."

"మా చిన్నంనాయుడున్నాడు."

"ప్రేక్షకుల అనుభూతి విభాగంలో మీకు సున్నా వచ్చింది. పరీవాహక జనాభాలో కూడా బలహీనంగా ఉన్నారు. ఊరి జనాభా పెంచాలి."

"ఎంత గడువు?"

"వచ్చే సీజన్ మొదలయ్యేలోగా."

అసిరమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. "నెలలు సరిపోతాయి గానీ, ఒప్పుకునేవోళ్ళు గావాల."

పైడిరాజు ముందుకొచ్చాడు. "సార్, మేం అన్ని మ్యాచిలూ గెలిచినాం. దానికెన్ని మార్కులు?"

"మంచి ప్రశ్న." హిమాంశు ముఖం మొదటిసారి వికసించింది. "గెలుపుకు మార్కులు ఉన్నాయి. కానీ మీరు మరీ ఎక్కువ తేడాతో గెలిచారు. దానివల్ల పోటీ సమతుల్యత దెబ్బతింది. ఎదుటి క్లబ్బుల అభిమానులకు మనస్తాపం కలిగింది. ఆ మార్కులు కోస్తే మీకు గెలుపు విభాగంలో రుణ మార్కులు వచ్చాయి."

"అంటే ఓడుంటే?"

"ఓడి ఉంటే ఈ విభాగంలో మీరు ముందుండేవారు. మెట్రో మహారాజాస్‌కు ఇందులో పూర్తి మార్కులు."

వెళ్ళేముందు హిమాంశు గ్రేడు ప్రకటించాడు. డి. అసిరమ్మ పెట్టిన ఇడ్లీలు అతను తిన్నాడు. చాలా బాగున్నాయన్నాడు. ఆహార విభాగం తన పరిధిలోకి రాదని బాధపడ్డాడు కూడా.

*

క్లబ్బును బాగుచేయడం మొదలైంది.

మిల్లు యూనియన్ నుంచి చేబదులు తెచ్చి లాంజ్ కట్టారు. స్థలం చాలక స్టాండు సగం పీకేశారు. స్టాండు సగం పోవడంతో ప్రేక్షకుల రద్దీ తగ్గి, భద్రత విభాగంలో మార్కులు పెరిగాయి. గ్రేడు సి అయింది.

చిన్నంనాయుడికి జనపనారతో దున్నపోతు వేషం కుట్టించారు. అది వేసుకుని వాడు వారానికి నాలుగు రోజులు బస్టాండులో చేతులూపాడు. దానివల్ల ప్రాక్టీసు పోయింది, మార్కులు వచ్చాయి.

"అన్నా, లోపల ఉడికిపోతున్నాను," అన్నాడు చిన్నంనాయుడు కొమ్ముల మధ్య నుంచి.

"ఓర్సుకో. బీ గ్రేడొస్తే తీసెయ్యొచ్చు," అన్నాడు పైడిరాజు.

బీ గ్రేడు వచ్చింది. అయితే వేషం తీస్తే పోతుందని తేలింది.

తర్వాత అభిమాన సరుకుల దుకాణానికి స్థలం కావలసి వచ్చింది. ఎక్కడా ఖాళీ లేదు. హిమాంశు ఫోన్లో సలహా ఇచ్చాడు. "మీ ఆవరణలో మధ్యన చాలా పెద్ద జాగా ఒకటి ఏ మార్కులూ తేకుండా పడి ఉంది. అది ఉపయోగించుకోండి."

"మధ్యనేటుంది బాబూ?"

"కోర్టు మేడమ్."

ఆ సాయంత్రం జట్టంతా కోర్టు చుట్టూ నిలబడ్డారు. అసిరమ్మ పైడిరాజు వైపు చూసింది.

"నీ ఇష్టంరా. నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం. నానేం అనుకోను."

పైడిరాజు వంగి మధ్యగీత దగ్గర మట్టి వేలితో తీసుకుని నుదుటికి రాసుకున్నాడు. కూతకు వెళ్ళే ప్రతిసారీ అతను చేసే పనే అది. ఈసారి కూతకు వెళ్ళలేదు.

"కట్టేయండి," అన్నాడు.

కోర్టు మీద దుకాణం లేచింది. జట్టు ప్రాక్టీసు మిల్లు గోడౌను వెనక, లారీలు తిరిగే చోటికి మారింది. సారివలసకు బీ ప్లస్ వచ్చింది.

ఆపైన ఎంత చేసినా ఆ ప్లస్ కదల్లేదు. లాంజ్‌లో సోఫాలు మార్చారు, మరుగుదొడ్డిలో వీణ సంగీతం పెట్టారు. ‘ఏ’ గ్రేడుకు ఇంకో నాలుగు మార్కులు తక్కువ. శిఖర లీగ్ సీజన్ సగం అయిపోయింది.

"ఆ ‘ఏ’ గ్రేడోళ్ళు ఏం సేత్తన్నారో ఎల్లి సూసొద్దాం పద," అంది అసిరమ్మ.

*

మెట్రో మహారాజాస్ భవనం మొత్తం అద్దాలే. లోపల చలిగా ఉంది. మేనేజరు అసిరమ్మకూ పైడిరాజుకూ మెడలో గుర్తింపు కార్డులు వేసి, అన్నీ తిప్పి చూపించాడు. లాంజ్ మీద లాంజ్ ఉంది. ట్రోఫీల గది ఉంది. అందులో అప్పటికి ట్రోఫీలు లేవు గానీ దీపాలు ఉన్నాయి.

కోర్టు దగ్గర పైడిరాజు ఆగాడు. నీలం రంగు మ్యాట్. దానిమీద కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు.

"ఆటగాళ్ళు ఎక్కడ ప్రాక్టీసు చేత్తారు?" అన్నాడు.

మేనేజరు దారి చూపించాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ప్రతి కొక్కానికీ విడిగా ఒక దీపం ఉంది. ఏ కొక్కానికీ ఒక్క బనీను కూడా వేలాడటం లేదు. చెమట వాసన కూడా లేదు. మల్లెపూల వాసన వస్తోంది, అదీ గోడలోని యంత్రం నుంచి.

అసిరమ్మ చుట్టూ చూసింది. "బాబూ, ఈళ్ళు స్నానాలకి ఎల్లినారేటి?"

"ఎవరు?"

"మీ ఆటగాళ్ళు."

"ఓ. మా దగ్గర లేరండి." మేనేజరు గొంతులో గర్వం ఉంది. "ఈ సీజన్ నుంచే ఆపేశాం. మీకు ఇంకా ఉన్నారా?"

ఇద్దరూ తప్పు చేసి దొరికినవాళ్ళలా నిలబడ్డారు.

"అదే మీ సమస్య," అన్నాడు మేనేజరు జాలిగా. "ఆటగాడంటే గాయం. గాయమంటే రిస్క్. రిస్క్‌కు మార్కులు కోస్తారు. పైగా క్రమశిక్షణ కేసులు, పక్కబట్టలు మాయడం, వేళకాని వేళ తిండి. మేం మొదట రిజర్వు ఆటగాళ్ళను తగ్గించి చూశాం. మార్కులు పెరిగాయి. ధైర్యం చేసి డిఫెండర్లను తీసేశాం. ‘ఏ’ వచ్చింది. చివరికి కెప్టెన్‌ను కూడా పంపించాక ఏ ప్లస్ వచ్చింది. ఇప్పుడు శిఖరంలో ఎవరికీ లేరు."

"మరి మ్యాచిలు?" అన్నాడు పైడిరాజు.

"జరుగుతున్నాయి కదా. రెండు క్లబ్బుల గ్రేడులు తెర మీద పోలుస్తారు. ఎక్కువ ఉన్నవాళ్ళు గెలుస్తారు. సమానంగా వస్తే పార్కింగ్ స్థలం కొలుస్తారు. మొన్న ఒక పార్కింగ్ చాలా ఉత్కంఠగా సాగింది."

"జనం వస్తన్నారా?"

"లైట్ షో ఉంటుంది, పాటలుంటాయి. మధ్యలో మనుషులు గెంతుతుంటే ఇదివరకు వాటికి అడ్డంగా ఉండేది."

తిరుగు బస్సులో పైడిరాజు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అసిరమ్మే మాట కదిపింది.

"మనమూ తీసేత్తే ‘ఏ’ గ్రేడు ఒచ్చేత్తాది."

"ఊఁ."

"ఒచ్చినాక ఆడ్డానికి నువ్వుండవు."

"ఊఁ."

"మరేటి సేద్దాం?"

"పడుకో అప్పా," అన్నాడు పైడిరాజు. "ఇంకా శానా దూరం ఉంది."

*

శిఖర లీగ్ ఫైనల్‌కు మూడు రోజుల ముందు మహామండలిలో ప్రమాదం జరిగింది.

లీగ్‌కు డబ్బు పెడుతున్నది ఒక సబ్బుల కంపెనీ. దాని యజమానురాలు సుభద్రాయమ్మ గారికి ఎనభై దాటాయి. ఆవిడ ఫైనల్‌కు వస్తానని కబురు పెట్టింది. అంతవరకు సంతోషమే. కబురులో ఇంకో వాక్యం ఉంది: చిన్నప్పుడు అన్నదమ్ములతో ఆడిన ఆట కాబట్టి, కబడ్డీ చూసి చాలా ఏళ్ళయింది కాబట్టి, ఒక ఆట పూర్తిగా చూసి వెళ్తానని.

ఛైర్మన్ భానుప్రసాదరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఆమె ఆట అన్నది ఏ అర్థంలో?" అన్నారు.

"ఆడే అర్థంలోనే అనుకుంటాను సార్," అన్నాడు హిమాంశు.

"గ్రేడు పోలిక చూపిస్తే?"

"చూపించి అడిగాం సార్. ఇది బాగుంది, తర్వాత ఆట పెట్టండి అన్నారు."

ఛైర్మన్ గారు నీళ్ళు తాగారు. "శిఖరంలో ఎంతమంది ఆటగాళ్ళున్నారు?"

"లేరు సార్. నిబంధనలు అంత కచ్చితంగా అమలు చేశాం."

ఆ విధంగా ఆ మధ్యాహ్నం అసిరమ్మ ఫోను మోగింది.

"మేడమ్, మీ ఆటగాళ్ళను మీరింకా తీసేయలేదని మా దృష్టికి వచ్చింది," అన్నాడు హిమాంశు.

"తీసేత్తాం బాబూ, కొంచెం టైమివ్వండి."

"వద్దు వద్దు. ఎంతమంది ఉన్నారు?"

"పదహారు మంది."

అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. "పద్నాలుగు చాలు. మెట్రో మహారాజాస్ చొక్కాలతో ఏడుగురు, వారి ఎదుటి క్లబ్బు స్మార్ట్ సిటీ సింహాస్ చొక్కాలతో ఏడుగురు. హోదా, ప్రదర్శన సహాయక సిబ్బంది. ప్రవేశం క్యాటరింగ్ గేటు నుంచి. మీ క్లబ్బు పేరు ఎక్కడా రాకూడదు."

అసిరమ్మ ఫోను చేత్తో మూసి, ఇడ్లీ పాత్రల మధ్య నిలబడి ఉన్న పైడిరాజుకు విషయం చెప్పింది. చెప్పి, "తిట్టి పెట్టేత్తాను," అంది.

పైడిరాజు ఫోను తీసుకున్నాడు.

"సార్, అది శిఖర లీగ్ మ్యాచేనా?"

"సాంకేతికంగా, అవును."

"రిఫరీ ఉంటాడా?"

"ఒకాయన దొరికారు. రిటైరై కోళ్ళఫారం నడుపుతున్నారు. విజిల్ ఆయన దగ్గరే ఉందట."

"వస్తాం."

ఫోను పెట్టాక అసిరమ్మ గరిటె బల్లమీద పడేసింది.

"సిగ్గు నేదురా? గెలిచి ఎక్కాల్సినోడివి, వంటోళ్ళ గుమ్మంలోంచి ఎల్తావా? ఆళ్ళ సొక్కా ఏసుకుని, మన పేరు నేకుండా?"

"సొక్కా ఎవడిదైతేనేటప్పా. లోపలున్నది నానే గదా."

"నిన్ను ఆడిత్తన్నారు. నువ్వు ఆడట్నేదు."

"ఒచ్చే వారం తర్వాత అదీ ఉండదు," అన్నాడు పైడిరాజు. అసిరమ్మ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బయల్దేరేటప్పుడు పద్నాలుగు మందికీ పులిహోర పొట్లాలు కట్టింది. మిగిలిన ఇద్దరినీ కూడా వదల్లేదు. అందరూ కలిసి మిల్లు లారీలో వెళ్ళారు. సారివలస క్లబ్బు ఆవరణలో ఆ రోజు వాచ్‌మన్ తప్ప మనిషి లేడు.

*

స్టేడియం నిండిపోయింది. లైట్ షో అయింది, పాటలయ్యాయి. మ్యాట్ మీద ప్లాస్టిక్ కాగితం తీయడానికి అనుమతి ఆలస్యంగా వచ్చింది.

క్యాటరింగ్ గేటు దగ్గర హిమాంశు పద్నాలుగు మందికీ ఆదేశాలిచ్చాడు. "మీరు ఎలాగైనా ఆడుకోండి. చివరికి మాత్రం మహారాజాస్ ముందుండాలి. వారి గ్రేడు ఏ డబుల్ ప్లస్. కప్పు మీద పేరు చెక్కడం కూడా అయిపోయింది."

పైడిరాజు మహారాజాస్ చొక్కా వేసుకున్నాడు. వీపున పేరుండాల్సిన చోట సబ్బు బొమ్మ ఉంది. సింహాస్ వైపు చిన్నంనాయుడు కెప్టెన్. కొమ్ములు లేకుండా వాడు చాలా రోజులకు కనిపించాడు.

రిఫరీ విజిల్ వేశాడు. పైడిరాజు గీత దగ్గర వంగాడు. అక్కడ తీసుకోవడానికి మట్టి లేదు. వట్టి వేలినే నుదుటికి తాకించుకుని, కూత అందుకున్నాడు.

కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ.

ఇరవయ్యేళ్ళ కల అది. గొంతు స్థిరంగా ఉంది. కుడి కాలు ముందుకు వేశాడు. ఎదుటి ఏడుగురూ వెనక్కి తగ్గారు. ఇంకో అడుగు వేశాడు. కార్నర్లో చిన్నంనాయుడు పట్టుకు వంగలేదు. చెయ్యి ముందుకు చాచి నిలబడ్డాడు, తాకమన్నట్టు.

పైడిరాజు తాకాడు. పక్కవాడూ చెయ్యి చాచాడు. "అన్నా, నన్ను కూడా," అన్నాడు మెల్లగా. మూడోవాడు తోవ ఇచ్చి, "ఎనక్కి జాగర్తన్నా, మ్యాట్ జారతంది," అన్నాడు.

అతను నడుచుకుంటూ తిరిగి వచ్చాడు. మూడు పాయింట్లు. జనం చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత మైకులో ఇంతటి క్రీడాస్ఫూర్తి తానెన్నడూ చూడలేదన్నాడు. హిమాంశు సంతృప్తిగా తలూపాడు. ముందు వరుసలో సుభద్రాయమ్మ గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పక్కనున్న ఛైర్మన్ గారి వైపు చూశారు.

"ఆ పిల్లలకు ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

రెండో కూతా అలాగే అయింది. ఈసారి ఒకడు దణ్ణం కూడా పెట్టాడు.

పైడిరాజు మూడో కూతకు వెంటనే వెళ్ళలేదు. మధ్యగీత దగ్గర ఆగి, చిన్నంనాయుణ్ణి వేలితో పిలిచాడు.

"ఏట్రా ఇది?"

"నీ ఆకరాట గదన్నా," అన్నాడు చిన్నంనాయుడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అందరం అనుకున్నాం. నిన్ను ముట్టకూడదని."

"నానేటి అడిగినాను? గెలిపించమని అడిగినానా?"

"నేదు."

"ఆళ్ళు ఏడాదంతా ఆడకుండా గెలుత్తన్నారు. నాకూ అదే పెడతన్నావేటి? ఇంత దూరం వంటోళ్ళ గుమ్మంలోంచి ఒచ్చింది మీ దణ్ణాలకా?"

చిన్నంనాయుడు తలొంచుకున్నాడు.

"అయినా నిన్నని ఏం లాభంలే," అన్నాడు పైడిరాజు, అందరికీ వినపడేలా. "దున్నపోతు ఏసంలో ఉండి ఉండి పట్టు మరిసిపోనావు. బస్టాండులో పిల్లలికి సేతులూపుకో, పో."

సింహాస్ చొక్కాల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. చిన్నంనాయుడు తల ఎత్తాడు. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"రా అయితే," అన్నాడు.

అప్పుడు ఆట మొదలైంది.

పైడిరాజు మూడో కూతలో బతికి బయటపడ్డాడు గానీ చొక్కా చేతి దగ్గర చిరిగింది. సింహాస్ కూతగాడు వచ్చి ఇద్దర్ని తీసుకుపోయాడు. పాయింట్లు ఎక్కాయి, దిగాయి, దగ్గరికొచ్చాయి. పాటల కోసం వచ్చిన జనం మొదట ఫోన్లు పైకెత్తి తీశారు. తర్వాత ఫోన్లు జేబుల్లో పెట్టేశారు. ఎవరో కూతతో పాటు ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టారు. అది అంటుకుంది. కూత నడిచినంతసేపూ స్టేడియం నిశ్శబ్దం, గీత దాటగానే హోరు. లైట్లు వేసేవాడు తన మీటలు వదిలేసి, బల్ల ఎక్కి నిలబడ్డాడు.

ఆఖరి కూత. పాయింట్లు సమానం. సింహాస్ వైపు ఏడుగురూ ఉన్నారు. మ్యాట్ పక్క నుంచి హిమాంశు రెండు చేతులతో సైగలు చేస్తున్నాడు. మహారాజాస్ గెలవాలి, కప్పు, పేరు, చెక్కాం. ఎవరూ అటు చూడటం లేదు.

పైడిరాజు వెళ్ళాడు. ఎడమకు వంగి కుడికి దూకాడు. ఒకడి వేలు తగిలింది, రిఫరీ చూశాడు. వెనక్కి తిరిగేలోపు చిన్నంనాయుడు నేలబారుగా వచ్చి మడమ పట్టాడు. పైడిరాజు వాణ్ణి ఈడ్చాడు. నడుం మీద ఒకడు పడ్డాడు. ఇద్దరినీ ఈడ్చాడు. భుజాల మీద ఇద్దరు. మోకాళ్ళు నేలను తాకాయి. కూత ఆగలేదు. చెయ్యి చాచాడు. గీత జానెడు దూరంలో ఉంది. మిగతా ముగ్గురు కూడా వచ్చి పడ్డారు. అందరి కింద నుంచి కబడ్డీ, కబడ్డీ అని సన్నగా వినిపిస్తోంది. స్టేడియం మొత్తం ఆ సన్నని గొంతు వింటోంది.

దమ్ము తెగింది.

రిఫరీ చెయ్యెత్తాడు. ఔట్.

ఒక్కొక్కరే పైనుంచి లేచారు. ఆఖరున చిన్నంనాయుడు మడమ వదిలాడు, భయపడుతూ. పైడిరాజు వెల్లకిలా తిరిగి పడుకున్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. నవ్వుతున్నాడు.

"గట్టిగా పట్టినావురా," అన్నాడు.

*

కప్పు మెట్రో మహారాజాస్‌కు ఇచ్చారు.

"మైదానంలో జరిగినదాన్ని సాంస్కృతిక కార్యక్రమంగా పరిగణించడమైనది," అని ఛైర్మన్ గారు మైకులో ప్రకటించారు. జనం చాలాసేపు అరిచారు. అది అభిమానుల భాగస్వామ్యం కింద నమోదైంది.

సుభద్రాయమ్మ గారు ఛైర్మన్ గారిని దగ్గరికి పిలిచారు.

"నువ్వెప్పుడైనా ఆడావా నాయనా?"

"లేదండి. పరిపాలించాను."

"అదీ," అన్నారావిడ. చేతికర్ర అందుకుని లేచారు.

వారం తర్వాత గ్రేడులు సవరించారు. ఫైనల్ రోజున మహారాజాస్, సింహాస్ చొక్కాల్లో ఆటగాళ్ళు ఉన్నట్టూ, మ్యాట్ మీద చెమట, రక్తపు మరకలు పడినట్టూ తనిఖీ బృందం గుర్తించింది. రెండు క్లబ్బులూ సి గ్రేడుకు దిగాయి. అదే రోజు ఆకస్మిక తనిఖీకి వెళ్ళిన ఇంకో బృందం సారివలస ఆవరణలో ఒక్క ఆటగాడు కూడా లేడనీ, అంతటా ఆదర్శప్రాయమైన ప్రశాంతత నెలకొందనీ రాసింది.

హిమాంశు స్వయంగా ఫోను చేశాడు.

"మేడమ్, మీకు ‘ఏ’ గ్రేడు వచ్చింది. వచ్చే సీజన్ నుంచి మీరు శిఖర లీగ్‌లో ఉన్నారు."

అసిరమ్మ ఇడ్లీ పిండి కలుపుతోంది. చెయ్యి ఆగింది. మొన్న బుధవారం పైడిరాజుకు ముప్పై ఐదు నిండాయి.

"అక్కడ మేం ఆడాలేటి?" అంది.

"అస్సలు అవసరం లేదు. ఆడితే గ్రేడు పోతుంది."

"జట్టుని ఆ ఆవరణలోకి రానివ్వకూడదు. అంతేనా?"

"అంతే."

"అలాగే బాబూ. ఇంక మీ తనిఖీలు, మీ బూట్లు గోడౌను ఎనక్కి రావు గదా?"

"అది మా పరిధిలోకి రాదు మేడమ్."

"అయితే మంచిదే," అంది అసిరమ్మ. ఫోను పెట్టేసి, లాంజ్ తాళంచెవి వాచ్‌మన్ మొహాన పడేసింది.

ఆ సాయంత్రం గోడౌను వెనక ఖాళీ లారీని పక్కకు తోయించి, పైడిరాజు సున్నంతో గీతలు గీస్తున్నాడు. చిన్నంనాయుడు తాడు పట్టుకున్నాడు. షిఫ్టు దిగిన మిల్లువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అందరిలో పెద్దవాడైన బాయిలర్ మేస్త్రీ బీడీ వెలిగించుకుంటూ అడిగాడు.

"శిఖరంలో ఆడొచ్చినావంట గదరా పైడిరాజూ. ఎలాగుంటారు ఆళ్ళు?"

పైడిరాజు గీత పూర్తిచేసి, నడుం నిలబెట్టి, కట్టు కట్టిన మోచేతిని ఒకసారి చూసుకున్నాడు.

"గట్టోళ్ళే తాతా," అన్నాడు. "మనోళ్ళే."